ఊబకాయానికి ఆక్యుపంక్చర్: ఏ పాయింటు, ఎంత లోతు, ఎన్నాళ్ళు, ఎంత తగ్గుతుంది?

గోస్తనీ_గట్టు:
విజయనగరంలోనూ శ్రీకాకుళంలోనూ "సూదులతో పొట్ట తగ్గిస్తాం" అనే బోర్డులు కనిపిస్తున్నాయి. వెళ్ళేవాళ్ళు అడిగేవి రెండే: ఎన్ని కిలోలు తగ్గుతాం, ఎంతవుతుంది. సూది ఎక్కడ పెడతారు, ఎంత లోతు, కరెంటు ఎంత, చెవిలో గింజ ఎన్నాళ్ళు ఉంచాలి, అసలు ఎవరికి పెట్టకూడదు అని అడిగేవాళ్ళు తక్కువ. పని తెలిసినవాళ్ళు ఇక్కడ ఉన్నారు కాబట్టి పూసగుచ్చినట్టు రాయమని మనవి. ఫోన్ నంబర్లు, క్లినిక్ ప్రచారాలు వద్దు.

నాది డైటీషియన్ పని. సూది కంటే ముందు చూడాల్సినవి నేను చెప్తాను. మన దేశంలో వాడే కొలత ప్రకారం బీఎంఐ (కిలోల బరువుని మీటర్ల ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె) 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. నడుము మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటకూడదు. బరువు ఎందుకు పెరిగిందో తేల్చకుండా సూదుల మంచం ఎక్కించకూడదు. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), పరగడుపు షుగరు, మూడు నెలల సగటు షుగరు, కిడ్నీ పని చెప్పే క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్: కనీసం ఈ ఐదూ చూడాలి. వాడుతున్న మందుల చీటీ కూడా చూడాలి. స్టెరాయిడ్లు, ఇన్సులిన్, కొన్ని మానసిక వైద్యం మందులు బరువు పెంచుతాయి. కీళ్ళ నొప్పులకి పేరు లేని పొట్లాల్లో అమ్మే పొడులు వాడుతున్నారేమో గట్టిగా అడగాలి. వాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటే ముఖం ఉబ్బి పొట్ట పెరుగుతుంది. దానికి ఆక్యుపంక్చర్ సూదులు వైద్యం కాదు, అలాగని ఆ పొడిని ఒక్కసారిగా మానేయడమూ ప్రమాదమే. డాక్టరు చూస్తూ మెల్లగా తగ్గించాలి.

సూదిమొన:
మంచి పని చేశారు గోస్తనీ గారూ. పాయింట్లు నేను రాస్తాను. ఎస్‌టి (కడుపు), ఎస్‌పి (ప్లీహం), ఎల్‌ఐ (పెద్దపేగు), సీవీ (ఒంటి ముందు నడిమి గీత) అన్నవి ఆక్యుపంక్చర్‌లో పాయింట్లు ఉండే దారుల పొట్టి పేర్లు, పక్కన అంకె ఆ దారిలో పాయింటు నంబరు. చున్ అనే కొలత ఎంతో కింద చెప్తాను.

పొట్ట మీద ముఖ్యమైనవి నాలుగు. బొడ్డుకి ఇరువైపులా 2 చున్ దూరంలో ఎస్‌టి 25, 4 చున్ దూరంలో ఎస్‌పి 15. బొడ్డుకి పైన 4 చున్ దగ్గర సీవీ 12, కింద 3 చున్ దగ్గర సీవీ 4. కాలి మీద ఎస్‌టి 36: మోకాలి చిప్ప కింద బయటివైపు గుంట నుంచి 3 చున్ దిగి, ముందు ఎముక అంచుకి ఒక వేలు పక్కన. ఎస్‌టి 40 అంటే మోకాలికీ బయటి చీలమండకీ సరిగ్గా మధ్యలో, ఎముక అంచుకి రెండు వేళ్ళు పక్కన. ఎస్‌పి 6 లోపలి చీలమండ మొనకి 3 చున్ పైన, ఎముక వెనక అంచున. ఆకలి మరీ ఎక్కువ, నోరు ఎండడం, మలబద్ధకం ఉన్నవాళ్ళకి మోచేతి మడత చివరనున్న ఎల్‌ఐ 11, కాలి రెండో మూడో వేళ్ళ సందులోని ఎస్‌టి 44 కలుపుతాం. ఒళ్ళు బరువు, నీరసం, విరేచనం వదులుగా ఉండేవాళ్ళకి ఎస్‌పి 9, సీవీ 6. ఒక సిట్టింగుకి 8 నుంచి 14 సూదులు చాలు. ఒంటినిండా గుచ్చితే ఫలితం రెట్టింపు అవుతుందనేది వట్టి మాట.

చున్ అంటే పేషెంటు బొటనవేలి కణుపు వెడల్పు. నాలుగు వేళ్ళు కలిపితే 3 చున్. లావుగా ఉన్న పొట్ట మీద ఈ వేలి కొలత పనికిరాదు. వేలు అంతే ఉంటుంది, పొట్ట పెరిగి ఉంటుంది. అక్కడ నిష్పత్తి కొలతే వాడాలి. బొడ్డు నుంచి జఘన ఎముక పై అంచు వరకు 5 భాగాలు, బొడ్డు నుంచి రొమ్ము ఎముక కింద పక్కటెముకలు కలిసే చోటు వరకు 8 భాగాలు. అడ్డంగా అయితే చనుమొన గీత మధ్య గీత నుంచి 4 చున్ అని లెక్క. ఆడవాళ్ళకి ఆ గుర్తు కదులుతుంది కాబట్టి మెడ ఎముక సగం దగ్గర నుంచి నిలువుగా గీత దించుకోవాలి. దర్జీ షాపులో దొరికే ఎలాస్టిక్ పట్టీ మీద సమానంగా 8 భాగాలు వచ్చేలా గీతలు పెట్టుకుంటే, ఎవరి పొట్ట మీదైనా రెండు గుర్తుల మధ్య సాగదీస్తే చాలు, భాగాలు వాటంతటవే పడతాయి. మోకాళ్ళ కింద దిండు పెట్టి వెల్లకిలా పడుకోబెట్టి కొలవాలి. కూర్చున్నప్పుడు పెట్టిన గుర్తు పడుకోగానే జారిపోతుంది.

తోటపల్లి_కాలువ:
సూదిమొన గారూ, ఒక్క సందేహం. కొవ్వే మూడు వేళ్ళ మందం ఉన్నవాళ్ళకి సూది ఏటి అందుతాది? కొవ్వులోనే ఆగిపోతే పని చేస్తాదా? పొడుగు సూది పెడితే పేగుకి తగలదా?

సూదిమొన:
> పొడుగు సూది పెడితే పేగుకి తగలదా?

తగలొచ్చు. అందుకే లోతు లెక్క అంచనా మీద వదిలేయకూడదు. మామూలుగా వాడేది 0.25 మిల్లీమీటర్ల మందం, 40 మిల్లీమీటర్ల పొడుగు సూది. సన్నటి మనిషికి ఎస్‌టి 25 దగ్గర 20 మిల్లీమీటర్లు వెళ్ళేసరికే కండ తగులుతుంది. లావు మనిషికి 40 మొత్తం దించినా కొవ్వులోనే ఉండొచ్చు. పాయింటు దగ్గర చర్మాన్ని బొటనవేలు, చూపుడువేలితో మడతపెట్టి పట్టుకుని మడత మందం కొలవండి. దానిలో సగం సుమారుగా అక్కడి కొవ్వు మందం. మడత 7 సెంటీమీటర్లు వస్తే కొవ్వు 3.5. అలాంటిచోట 50 మిల్లీమీటర్ల సూది తీసుకుని, కండ పైపొర దగ్గర చేతికి సన్నని అడ్డు తగలగానే ఆపాలి. ఆ అడ్డు దాటి పొడవడం పొట్టలో అనవసరం. సరైన చోట ఉంటే పేషెంటుకి బరువుగా, లోపలికి గుంజినట్టు, కొంచెం తిమ్మిరిగా అనిపిస్తుంది. సలసలా మండితే చర్మం పొరలోనే ఉన్నట్టు. పదునుగా కత్తిలా పోటు వస్తే వెంటనే వెనక్కి తీయాలి.

పొట్టలో సూది పెట్టే ముందు మూడు పనులు తప్పవు. ఒకటి, మూత్రానికి పంపాలి. నిండిన మూత్రాశయం పైకి ఉబ్బి సరిగ్గా సీవీ 4 అడుగున ఉంటుంది. రెండు, కాలేయం, ప్లీహం పెరిగి ఉన్నాయేమో చేత్తో చూడాలి. మలేరియా ఎక్కువగా ఉండే మన ఏజెన్సీ వైపు నుంచి వచ్చేవాళ్ళలో ప్లీహం పెరిగి ఉండొచ్చు, ఎడమవైపు లోతు సూది అలాంటివాళ్ళకి వద్దు. మూడోది చాలామంది వదిలేస్తారు. వెల్లకిలా పడుకోబెట్టి తల మాత్రం ఎత్తమని, ఒకసారి దగ్గమని చెప్పాలి. బొడ్డు దగ్గరగానీ పాత ఆపరేషన్ కుట్టు దగ్గరగానీ ఉబ్బు లేస్తే అది హెర్నియా. చర్మం కిందే పేగు ఉంటుంది. లావు మనుషుల్లో, సిజేరియన్ అయినవాళ్ళలో ఈ ఉబ్బు కొవ్వులో కలిసిపోయి పైకి తెలియదు. ఆ చుట్టుపక్కల సూది వేయకుండా సర్జన్ దగ్గరికి పంపండి.

పరగడుపున రానివ్వకండి. తేలికగా తిని గంట, గంటన్నర అయ్యాక పడుకోబెట్టాలి. బరువు తగ్గే పట్టుదలలో పొద్దుటి నుంచి ఏమీ తినకుండా వచ్చేవాళ్ళే ఎక్కువ కళ్ళు తిరిగి పడతారు. ముఖం పాలిపోవడం, చల్లటి చెమట, ఆవలింతలు మొదలైతే సూదులన్నీ తీసేసి, కాళ్ళ కింద దిండ్లు పెట్టి, స్పృహ ఉంటే గోరువెచ్చటి నీళ్ళు పట్టించాలి. షుగరు మందులు వాడేవాళ్ళయితే గ్లూకోమీటరుతో చూడాలి, అది షుగరు పడిపోవడమూ కావచ్చు. సూది ఇరుక్కుంటే లాగకూడదు. కండ బిగుసుకుని పట్టేసి ఉంటుంది. చుట్టూ వేలితో మెల్లగా తట్టి రెండు నిమిషాలు వదిలేస్తే వస్తుంది, లేకపోతే అంగుళం పక్కన ఇంకో సూది తేలికగా పెడితే వదులుతుంది.

పెట్టినవెన్ని, తీసినవెన్ని అని కాగితం మీద రాసుకోవాలి. కొవ్వు మడతల్లో, ముఖ్యంగా నడుము పక్కన, సూది పిడి కనిపించకుండా పోతుంది.

చంపావతి_ఒడ్డు:
కరెంటు పెట్టే పద్ధతి గురించి ఫిజియోథెరపీ వైపు నుంచి రాస్తాను. సూదులకి చిన్న క్లిప్పులు తగిలించి యంత్రం నుంచి పల్స్ ఇస్తారు. ఒక జతలో రెండు సూదులు ఒకే వైపు ఉండాలి: కుడి ఎస్‌టి 25తో కుడి ఎస్‌పి 15, కుడి ఎస్‌టి 36తో కుడి ఎస్‌టి 40. ఎడమ చేతికీ కుడి చేతికీ జత కలిపితే కరెంటు గుండె మీదుగా పోతుంది, అది ఎప్పుడూ చేయకూడదు. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళకి, మూర్ఛ ఉన్నవాళ్ళకి, గర్భిణులకి ఈ పద్ధతి వద్దు.

ఫ్రీక్వెన్సీ సాధారణంగా 2 హెర్ట్జ్, లేదా 2, 100 మారి మారి వచ్చే మోడ్. తీవ్రత ఎంత అంటే, సూది చుట్టూ కండ సన్నగా లయగా కదలాలి, పేషెంటు ముఖం చిట్లించకూడదు. ఏడెనిమిది నిమిషాలయ్యాక అలవాటు పడి ఏమీ తెలియడం లేదంటారు, అప్పుడు పిసరంత పెంచాలి. మొత్తం 20 నుంచి 30 నిమిషాలు. ఆన్ చేసే ముందు అన్ని నాబ్‌లూ సున్నాలో ఉన్నాయో లేదో వేలితో తిప్పి చూడాలి, కళ్ళతో చూస్తే చాలదు. ప్లాస్టిక్ పిడి సూదికి క్లిప్పు పిడి మీద పెడితే కరెంటు వెళ్ళదు. "యంత్రం పాడైంది" అని నాబ్ పెంచుకుంటూ పోయి, ఆ తర్వాత క్లిప్పు జారి సూది ఉక్కుకి తగిలితే ఒక్కసారిగా గట్టి షాక్ తగులుతుంది. లోహపు పిడి సూదులే వాడాలి.

మన దగ్గర వేసవిలో కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. ప్లగ్ మీద నడిచే యంత్రం మధ్యలో ఆగి మళ్ళీ వస్తే పల్స్ అంతకుముందున్న తీవ్రతతోనే ఒక్కసారి తగులుతుంది. బ్యాటరీ సెల్స్ మీద నడిచే యంత్రమే వాడాలి. సెల్స్ నీరసిస్తే పల్స్ ఎగుడుదిగుడుగా వస్తుంది కాబట్టి కొత్త సెట్టు దగ్గర ఉంచుకోవాలి.

వేళ్ళతో నొక్కించుకునే పద్ధతి, కప్పింగు (కప్పులతో చర్మాన్ని పైకి పీల్చడం), లేజరు అని అడిగేవాళ్ళున్నారు. కప్పింగు వల్ల చర్మం కింద రక్తం గడ్డకట్టి మచ్చలు పడతాయి, కొవ్వు కరగదు. లేజరు నొప్పిలేనిది, అంతకుమించి చెప్పుకోవడానికి పెద్దగా లేదు.

రాజాం_లెక్కలు:
ఇప్పుడు అసలు ప్రశ్న, ఎంత తగ్గుతుంది. 2009లో ఒక అంతర్జాతీయ ఊబకాయ పత్రికలో 31 ట్రయల్స్, 3,013 మంది ఫలితాలు కలిపి లెక్కకట్టారు. ఆహార వ్యాయామాల సలహా మాత్రమే పొందినవాళ్ళకంటే ఆక్యుపంక్చర్ తీసుకున్నవాళ్ళు సగటున 1.72 కిలోలు ఎక్కువ తగ్గారు. ఉత్తుత్తి సూదులు పెట్టించుకున్నవాళ్ళతో పోలిస్తే తేడా 1.56 కిలోలు. ఆ ట్రయల్స్ చాలావరకు నాణ్యత తక్కువవనీ, ఇంకా గట్టి పరీక్షలు కావాలనీ ఆ రచయితలే రాశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003 నివేదికలోనూ ఊబకాయం మొదటి వరుసలో లేదు, "ప్రభావం కనిపించింది గానీ ఇంకా రుజువు కావాలి" అన్న రెండో వరుసలో ఉంది. బోర్డు మీద "ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించిన చికిత్స" అని రాసేవాళ్ళు ఈ రెండో సగం కూడా రాయాలి.

పక్కన పెట్టి చూసుకోవడానికి: వారానికి ఒకసారి 2.4 మిల్లీగ్రాముల సెమాగ్లుటైడ్ (బరువు తగ్గించే మందు) ఇంజెక్షన్ పెద్ద ట్రయల్‌లో 68 వారాలకి సగటున 14.9 శాతం బరువు తగ్గించింది. 90 కిలోల మనిషికి అది 13 కిలోలు. కాబట్టి "నెలలో పది కిలోలు, గ్యారంటీ" అని ఎవరైనా చెప్తే, మొదటి వారం నీరు పోవడం, బాగా తక్కువ తిండి పెట్టడం, లేదా పొడిలో ఏదో కలపడం, ఈ మూడింటిలో ఒకటి జరుగుతున్నట్టే.

బొబ్బిలి_కోట:
ఒకటిన్నర కిలోల కోసం వారానికి రెండుసార్లు సూదులెందుకండీ? అంత డబ్బూ అంత సమయమూ పెట్టి పొద్దున్నే గంట నడిస్తే పోదా?

సూదిమొన:
న్యాయమైన ప్రశ్న. నడకకి బదులుగా సూది పెట్టించుకోవాలంటే నేను కూడా వద్దనే చెప్తాను. ఆకలి వేళ కాని వేళ తినేవాళ్ళు, రాత్రి పదకొండుకి లేచి జంతికల డబ్బా తీసేవాళ్ళు, ఆత్రంగా తినేవాళ్ళు ఉంటారు. వాళ్ళకి తిండి పట్టిక రాసిస్తే రెండో వారమే వదిలేస్తారు. ఆ రెండు మూడు నెలలు ఆకలిని కొంచెం అదుపులో ఉంచడానికి, వారానికి రెండుసార్లు ఒకరి ముందు లెక్క చెప్పుకోవడానికి ఇది పనికొస్తుంది. మామూలు కోర్సు వారానికి 2 లేదా 3 సిట్టింగులు, 8 నుంచి 12 వారాలు. తిండి మారకపోతే సూదులు ఆపిన మర్నాటి నుంచే బరువు వెనక్కి వస్తుంది.

రాజాం_లెక్కలు:
బొబ్బిలి గారూ, ఉత్తుత్తి సూది గురించి కూడా ఒక మాట. పాయింటు కాని చోట చర్మంలోకి దించిన సూది కూడా నరాల్ని కదిలిస్తుంది, అది పూర్తిగా చక్కెర మాత్రలాంటిది కాదు. అందుకే ఈ పోలికల్లో తేడా చిన్నదిగా కనిపించే వీలుంది. ఎలా పనిచేస్తుందన్నదాని మీద 2021లో నేచర్ పత్రికలో ఎలుకల ప్రయోగం వచ్చింది. వెనక కాలి మీద ఎస్‌టి 36 దగ్గర తక్కువ కరెంటు ఇస్తే ఒక రకం నరాల ద్వారా వేగస్ నరం (మెదడు నుంచి పొట్ట దాకా వెళ్ళే పెద్ద నరం), అడ్రినల్ గ్రంథి కదిలి ఒంట్లో వాపు తగ్గింది. పొట్ట మీద ఎస్‌టి 25 దగ్గర అంతే కరెంటు ఇస్తే ఆ దారి తెరుచుకోలేదు. అంటే సూది ఎక్కడ పెట్టామన్నదానికి కొంత అర్థం ఉంది. అయితే ఆ ప్రయోగం వాపు గురించి, అదీ ఎలుకల్లో. దాన్ని చూపించి కిలోల లెక్క చెప్పకూడదు.

పలాస_లైన్:
డయాలసిస్ వార్డు పని తెలిసినదాన్ని, ఉద్దానం వాళ్ళ కోసం విడిగా రాస్తున్నాను. దయచేసి ఇది దాటేయకండి.

కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం వైపు నుంచి "ఈమధ్య లావయ్యాను" అని ఎవరొచ్చినా ముందు క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ చూడాలి. ఈ ప్రాంతంలో కిడ్నీ జబ్బు చాపకింద నీరులా వస్తుంది. మోకాలి కింద ముందు ఎముక మీద బొటనవేలితో పది, పదిహేను సెకన్లు నొక్కి వదలండి. గుంట పడి అలాగే ఉంటే అది కొవ్వు కాదు, నీరు. పొద్దున్నే కళ్ళ కింద ఉబ్బు, సాయంత్రానికి చెప్పు బిగుతు అవడం కూడా అదే. అలాంటి వాపు కాలికి సూది పెడితే ఆ రంధ్రం నుంచి నీరు కారుతూనే ఉంటుంది, పుండు పడుతుంది.

డయాలసిస్ మీద ఉన్నవాళ్ళకి రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తాం కాబట్టి డయాలసిస్ రోజున సూది అస్సలు వద్దు. ఫిస్టులా (డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపిన చోటు) ఉన్న చేతికి ఏ రోజైనా వద్దు, ఆ చేతికి బీపీ పట్టీ కూడా కట్టకూడదు. ఇంకోటి, బరువు తగ్గే క్లినిక్కుల్లో "రోజుకి నాలుగు లీటర్ల నీళ్ళు తాగండి, పొద్దున్నే కొబ్బరినీళ్ళు తాగండి" అని అందరికీ ఒకటే కాగితం ఇస్తారు. ఉద్దానంలో కొబ్బరిబోండానికి కొదవ లేదు. కిడ్నీ పని తగ్గినవాళ్ళకి దానిలోని పొటాషియం గుండె లయనే తప్పిస్తుంది. ఇంత నీరు, ఇంత ఉప్పు అని కిడ్నీ డాక్టరు రాసినదాన్ని సూదుల డాక్టరు మార్చకూడదు.

తోటపల్లి_కాలువ:
చాలా మంచి సంగతి చెప్పారమ్మా. మరి చెవిలో గింజలు అంటించేది? అదయితే సూది భయం లేదు కదా, ఇంట్లోనే చేసుకోవచ్చంటారు.

వంశధార_వాకిలి:
చెవి సంగతి నేను రాస్తాను.

వాడే గింజ వక్కారియా అనే మొక్కది, 2 మిల్లీమీటర్ల నల్లటి గుండ్రటి గింజ. అర సెంటీమీటరు ప్లాస్టరు ముక్క మధ్యలో అంటించినవి తయారుగా దొరుకుతాయి. దొరక్కపోతే ఆవగింజ పెట్టేవాళ్ళున్నారు, గుండ్రంగా గట్టిగా ఉన్నది ఏరుకుంటే పనికొస్తుంది గానీ చెమటకి నాని రెండో రోజే మెత్తబడుతుంది. మెంతిగింజకి అంచులుంటాయి, ఒకవైపే ఒత్తి చర్మం కోస్తుంది కాబట్టి వద్దు.

బరువుకి వాడే చోట్లు: చెవి రంధ్రానికి ముందు తలుపులా ఉండే చిన్న బుడిపె మీద ఆకలి పాయింటు. పై అంచు మడత లోపలికి వచ్చి ఆగిపోయే చోట కడుపు పాయింటు. రంధ్రం వెనక పై అంచున నోటి పాయింటు. బుడిపె కింద గాడి అడుగున ఎండోక్రైన్, అంటే హార్మోన్ల పాయింటు. పైన త్రికోణపు గుంటలో షెన్‌మెన్ అనే పాయింటు. కడుపు, నోరు పాయింట్లుండే చెవి గిన్నెకి వేగస్ నరం కొమ్మ వస్తుంది, ఒంట్లో ఆ నరం చర్మం పైదాకా వచ్చే చోటు ఇదే. ఒక్కో చోట మొద్దుగా ఉన్న అగ్గిపుల్ల చివరతో మెల్లగా నొక్కుతూ పోతే ఒక బిందువు దగ్గర మిగతావాటికంటే ఎక్కువ నొప్పి తగులుతుంది. బొమ్మలో చూపించిన చోటు కంటే ఆ నొప్పి బిందువునే నమ్మాలి.

స్పిరిటుతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, పట్టకారుతో అంటించాలి. తడి మీద అంటిస్తే గంటలో ఊడుతుంది. ఒకసారి ఒక చెవికే 4 లేదా 5 గింజలు. భోజనానికి పావుగంట ముందు, ఇంకా అకాలంలో ఆకలి పుట్టినప్పుడు, ఒక్కో గింజని అర నిమిషం నుంచి నిమిషం నొక్కాలి. నొక్కి వదలడం, మళ్ళీ నొక్కడం. రుద్దకూడదు, రుద్దితే గింజ కింద చర్మం లేచిపోతుంది. చెవి వెచ్చబడి కొంచెం నొప్పెట్టాలి, కళ్ళలో నీళ్ళు తిరిగేంత కాదు. పుస్తకాల్లో వారం దాకా ఉంచొచ్చని ఉంటుంది. భీమిలి నుంచి ఇచ్ఛాపురం దాకా ఈ సముద్రపు ఉక్కలో అంత కాలం పనికిరాదు. ఏప్రిల్, మే నెలల్లో మూడు రోజులకి తీసేయాలి, చలికాలంలో ఐదు రోజులు. తీశాక ఒక రోజు ఖాళీ, ఆ తర్వాత రెండో చెవికి. ప్లాస్టరు కింద దురద, ఎరుపు కనిపిస్తే ఆగకుండా తీసేయాలి. పడుకునే ముందు అన్నీ ఉన్నాయా అని వేలితో తడిమి చూసుకోవాలి. ఊడిన గింజ చెవి రంధ్రంలోకి జారితే పుల్లతో గెలకకుండా ఈఎన్‌టీ దగ్గరికి వెళ్ళాలి.

గింజకి బదులు చిన్న మేకులాంటి సూదిని చెవిలో రోజుల తరబడి ఉంచే పద్ధతి కూడా ఉంది. షుగరు ఉన్నవాళ్ళు, గుండె కవాటం జబ్బు ఉన్నవాళ్ళు దానికి ఒప్పుకోవద్దు. చెవి మృదులాస్థికి సొంతంగా రక్తనాళాలు ఉండవు. పైపొర నుంచే పోషణ అందుతుంది. ఆ పొర కింద చీము పడితే మందు సరిగా చేరదు, చెవి ముడుచుకుపోయి ఆకారమే మారిపోతుంది. చెవి తమ్మె బాగానే ఉండి పైభాగం ఎర్రగా, వేడిగా, ముట్టుకుంటే ఓర్చుకోలేనంతగా ఉంటే అదే మొదటి గుర్తు. ఆ రోజే డాక్టరుకి చూపించాలి.

చంపావతి_ఒడ్డు:
దారం పెట్టే పద్ధతి గురించి ఎవరూ రాయలేదు. "పదిహేను రోజులకి ఒక్కసారి వస్తే చాలు" అని దీన్నే ఎక్కువ చెప్తున్నారు.

సూదిమొన:
కుట్లు వేసే కరిగిపోయే దారాన్ని సెంటీమీటరు, రెండు సెంటీమీటర్ల ముక్కలు చేసి బోలు సూదితో పాయింటు దగ్గర లోపల వదిలేస్తారు. అది కరిగేదాకా పాయింటు కదులుతూ ఉంటుందని లెక్క. పాత రోజుల్లో జంతువు పేగుతో చేసిన దారం, ఇప్పుడు పాలిమర్ దారం మేలు, ఒళ్ళు తిరగబడటం తక్కువ. చేస్తే ఆపరేషన్ గదిలో పాటించేంత శుభ్రతతో చేయాలి: గ్లౌజు, కప్పిన షీటు, ఒక మనిషికి ఒక ప్యాకెట్టు. దారం చివర చర్మం బయటికి కనిపిస్తే మొత్తం తీసేయాలి, ఆ చివరే సూక్ష్మజీవులకి దారి. 24 గంటలు తడి తగలకూడదు. రెండు మూడు రోజుల నొప్పి, గట్టిదనం మామూలే. మూడు నాలుగు వారాల తర్వాత ఎర్రటి గడ్డలు లేచి, మామూలు యాంటీబయోటిక్‌కి తగ్గకుండా కారుతుంటే టీబీ జాతికి చెందిన ఇతర బ్యాక్టీరియా కావచ్చు. చైనాలో ఈ దారం వల్ల అలాంటి కేసులు నమోదయ్యాయి. నెలల తరబడి మందులు వాడాల్సి వస్తుంది. షుగరు అదుపులో లేనివాళ్ళకి ఈ పద్ధతి నేను చేయను, ఎవరినీ చేయించుకోమనను.

బొబ్బిలి_కోట:
క్లినిక్కులో అడుగు పెట్టగానే ఏం చూడాలో చెప్పండి. సర్టిఫికెట్లు గోడనిండా ఉంటాయి, ఏది నమ్మాలి?

వంశధార_వాకిలి:
కేంద్ర ఆరోగ్య శాఖ 2003 నవంబరులో ఆక్యుపంక్చర్‌ని ఒక చికిత్సా విధానంగా ఒప్పుకుంది, 2019 ఫిబ్రవరిలో స్వతంత్ర వైద్య విధానంగా గుర్తించింది. పశ్చిమ బెంగాల్, మహారాష్ట్రల్లో దీనికి ప్రత్యేక చట్టాలున్నాయి. గోడ మీద కాగితం చూసి, ఎక్కడ, ఎన్నేళ్ళ కోర్సు, ముందు ఏ వైద్యం చదివారని నేరుగా అడగండి. తప్పేమీ లేదు.

కాగితం కంటే చేతులు చూడండి. మీ కళ్ళ ముందే కొత్త ప్యాకెట్టు చింపాలి. ప్యాకెట్టు మీద గడువు తేదీ, స్టెరైల్ అన్న ముద్ర ఉండాలి. ఐదు సూదుల ప్యాకెట్టులో మూడే వాడితే మిగతా రెండూ పారేయాలి, మరొకరికి దాచకూడదు. "మీ సూదులు మీకే, డబ్బాలో పేరు రాసి పెడతాం" అంటే అక్కణ్ణుంచి వచ్చేయండి. హెపటైటిస్ బి, సి అలాగే పాకుతాయి. వాడిన సూదులు తెల్లటి, లోపలికి కనిపించే, గుచ్చినా చిల్లు పడని డబ్బాలో పడాలి. 2016 జీవవైద్య వ్యర్థాల నిబంధన అదే చెప్తుంది. చెత్తబుట్టలో వేస్తే ఊడ్చే మనిషి చేతికి గుచ్చుకుంటుంది.

గోస్తనీ_గట్టు:
ఎన్నో కొత్త సంగతులు వచ్చాయి. తిండి గురించి క్లుప్తంగా. కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలుంటాయి. రోజుకి 500 తగ్గిస్తే రెండు వారాలకి కిలో చొప్పున పోతుంది, మొదట్లో. మన పళ్ళెంలో 500 ఎక్కడున్నాయంటే చాలావరకు అన్నంలోనే. 100 గ్రాముల బియ్యం వండితే 350 కేలరీలు. రెండు పూటలా కలిపి 100 గ్రాములు తగ్గించి, ఆ చోట ఆకుకూర పప్పు, తోటకూర, బీరకాయ, చేప పులుసు పెంచండి. చోడి (రాగి) అంబలి మంచిదే గానీ పల్చగా తాగితే రెండు గ్లాసులు తెలియకుండా పోతాయి, ముద్దగా తింటే ఆకలి ఆగుతుంది. జీడిపప్పు 100 గ్రాములకి 550 కేలరీలు దాటుతాయి. పలాస బంధువులు పంపిన సంచీ వంటింట్లో కళ్ళెదురుగా ఉండకూడదు.

కొలత కూడా సరిగ్గా ఉండాలి. గచ్చు నేల మీద, ఒకే మిషను, పొద్దున్నే కాలకృత్యాలయ్యాక, తినకముందు. వారంలో మూడు రోజులు చూసి సగటు రాసుకోవాలి. ఆడవాళ్ళకి నెలసరి ముందు కిలో, కిలోన్నర నీరు చేరుతుంది, ఆ వారం అంకె చూసి బెంగపడక్కర్లేదు. నడుము కొలిచేటప్పుడు చివరి పక్కటెముకకీ తుంటి ఎముక పై అంచుకీ మధ్యలో టేపు పెట్టి, మామూలుగా ఊపిరి వదిలాక చూడాలి. పొట్ట లోపలికి లాగి కొలిస్తే ఆ అంకె ఎవరికీ పనికిరాదు. ఇన్సులిన్ లేదా గ్లైమిపిరైడ్ అనే షుగరు మాత్ర వాడేవాళ్ళు తిండి తగ్గించే ముందు డాక్టరుతో డోసు మాట్లాడుకోవాలి, లేకపోతే అర్ధరాత్రి షుగరు పడిపోతుంది.

తోటపల్లి_కాలువ:
ఎన్ని సిట్టింగులకి తెలిసిపోతాదండీ, ఇది మనకి పడతాదో లేదో?

సూదిమొన:
నాలుగు వారాలు, అంటే 8 సిట్టింగులు. అప్పటికి నడుము ఒక్క సెంటీమీటరైనా తగ్గకుండా, అకాలపు ఆకలిలో కూడా తేడా లేకుండా ఉంటే ఆపేయడం మేలు. "ఇంకో ఇరవై సిట్టింగులు కడితే" అనే మాట వినకండి. ఆ డబ్బు థైరాయిడ్, షుగరు పరీక్షలకీ, డైటీషియన్‌కీ పెట్టండి. బీఎంఐ 30 దాటి షుగరు, బీపీ, నిద్రలో ఊపిరి ఆగడం, వీటిలో ఏదైనా ఉన్నవాళ్ళయితే ఈ నాలుగు వారాలు కూడా వేచి ఉండకుండా మందుల సంగతి, ఆపరేషన్ సంగతి డాక్టరుతో మాట్లాడాలి.

చంపావతి_ఒడ్డు:
సిజేరియన్ అయినవాళ్ళు ఎన్నాళ్ళకి పొట్ట మీద పెట్టించుకోవచ్చో అది కూడా రాసేయండి. ఈ ప్రశ్నే ఎక్కువ వస్తుంది. పీసీఓడీ (అండాశయాల సమస్య) ఉన్న ఆడపిల్లల గురించి కూడా.

సూదిమొన:
సిజేరియన్ అయ్యాక కనీసం ఆరు నెలలు పొట్ట మీద వద్దంటాను. ఆ తర్వాత కూడా కుట్టు గీతకి రెండు వేళ్ళ దూరం వదిలి, హెర్నియా లేదని చూసుకున్నాకే. చంటిబిడ్డకి పాలిస్తున్నంతకాలం తిండి బాగా తగ్గించే కోర్సులు వద్దు. కాలి మీద, చెవి మీద చేసుకోవచ్చు.

పీసీఓడీ ఉన్న పెళ్ళైన ఆడవాళ్ళకి నెలసరి ఎప్పుడూ ఆలస్యమే కాబట్టి గర్భం వచ్చినా తెలియదు. ఎస్‌పి 6, చేతి మీద ఎల్‌ఐ 4, పొట్ట కింది పాయింట్లు గర్భిణులకి నిషేధం. నెలసరి తేదీ దాటి ఉంటే ఆ రోజు యూరిన్ టెస్టు చేయించి, గీత ఒకటే ఉందని చూశాకే మంచం మీద పడుకోబెట్టాలి.